ఫ్లెక్సిబుల్ పీవీసీ పైపుకు సిమెంటు జాయింటు: నాలుగేళ్లు వాడాక

పైపు జాయింటు ఊడిందంటే ముందు తిట్లు పడేది దాన్ని అతికించిన సిమెంటుకే (ఇల్లు కట్టే సిమెంటు కాదు, డబ్బాలో వచ్చే పీవీసీ సిమెంటు). నేనూ అలాగే తిట్టాను. చేపల తొట్టికి ఫ్లెక్సిబుల్ పైపు పెట్టి నాలుగేళ్లయింది. ఇప్పుడు నా కోపమంతా ఒక్కదాని మీదే ఉంది: చుట్టలో ఉండి ఉండి పైపుకు పట్టేసిన ఆ వంపు మీద. సిమెంటు తన పని తాను సరిగ్గానే చేసింది.

పంపు నుంచి ఫిల్టరుకు ఒకటి, ఫిల్టరు నుంచి తిరిగి తొట్టిలోకి ఒకటి, మొత్తం రెండు ముక్కలు. చివర్లన్నీ గట్టి పీవీసీ ఫిట్టింగుల సాకెట్లలోకి, అంటే పైపు దూరే గుండ్రటి నోళ్లలోకి వెళ్తాయి. నేను చెబుతున్నది, బయటి కొలత గట్టి పీవీసీ పైపుతో సమానంగా ఉండి సాకెట్లో నేరుగా కూర్చునే రకం గురించి. మొక్కలకు నీళ్లు పట్టే మామూలు హోస్ లోపలి కొలతను బట్టి వస్తుంది, దానికి లోపల దూర్చే నిపిల్, పైన బిగించే క్లిప్పు కావాలి. రబ్బరు గొట్టానికీ, పాలిథిన్ గొట్టానికీ ఈ సిమెంటు అసలు పట్టదు.

మొదట్లో నా సంతోషం అంతా ఇంతా కాదు. అంతకుముందు గట్టి పైపుతో, మలుపుల దగ్గర నాలుగు ఎల్బోలు పెట్టి లైను వేశాను. పంపు అదురు మొత్తం గోడకు పాకేది. రాత్రిపూట ఆ గుయ్యిమనే మోత పక్క గదిలోకి కూడా వినిపించేది. ఫ్లెక్సిబుల్ వేసిన రోజు రాత్రి పంపు నడుస్తోందో లేదో అనుమానం వచ్చి వెళ్లి చెయ్యి పెట్టి చూసుకున్నాను. నడుస్తోంది! ఆ తర్వాత అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ ఎల్బోలు తీసి పారేయమని చెప్పాను.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు తెల్లవారుజామున పంపు గొంతు మారింది. నీళ్లతో పాటు గాలి కూడా లాగుతున్నప్పుడు వచ్చే ఎండు చప్పుడు అది. లేచి వెళ్లేసరికి ఫిల్టరు దగ్గర పైపు సాకెట్లోంచి బయటికొచ్చి నేల మీద పడి ఉంది. తొట్టిలోని నీళ్లన్నీ పంపే తోడి బయట పోసింది. లాగే గొట్టాన్ని అడుగు నుంచి జానెడు ఎత్తులో పెట్టాను కాబట్టి ఆ జానెడు నీళ్లే మిగిలాయి. చేపలన్నీ ఒక మూల చేరి నోళ్లు తెరుస్తున్నాయి. మా అమ్మాయి "నాన్నా, బతుకుతాయా?" అని అడిగింది. నాకు చేతులు ఆడలేదు. నిల్వ డ్రమ్ములో నీళ్లు ఉండబట్టి సరిపోయింది, ఒక్కటీ చావలేదు. ఆ టెన్షన్ మాత్రం ఇప్పటికీ పోలేదు. పంపు చప్పుడు కాస్త మారితే చాలు, మెలకువ వచ్చేస్తుంది.

ఆ రోజు సాయంత్రం ఊడిన చివరనూ, సాకెట్‌నూ వెలుతురులో పెట్టి చూశాను. అసలు సంగతి అక్కడ తెలిసింది. సాకెట్ అడుగుభాగం నున్నగా ఉంది, అక్కడ పైపు ఆనిన గుర్తే లేదు. పైపు చివర ఒక పక్క సిమెంటు దట్టంగా కరిగి అతుక్కున్న మచ్చ ఉంది. ఎదురు పక్క దాదాపు ఏమీ లేదు. ఏమీ లేని ఆ పక్కే, చుట్ట వంపు పైపును సాకెట్ గోడకు దూరంగా లాగిన పక్క. నేను లోపలికి నొక్కి, పది లెక్కపెట్టి వదిలేశాను. సాకెట్ లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి తడి సిమెంటు మీద పైపు దానంతటదే కొంచెం వెనక్కి జారుతుంది. గట్టి పైపైతే అంతటితో ఆగేది. దీనికి వంపు కూడా తోడై సగం దాకా బయటికి లాక్కుంది. మిగిలిన సగం అతుకే నాలుగు నెలలు నీటి ఒత్తిడిని మోసింది. అది చూశాక సిమెంటును తిట్టడం మానేశాను.

ఇది జిగురులాంటిది కాదు. రెండు పీవీసీ ముఖాలనూ కరిగించి ఒకటిగా చేస్తుంది, అందులోని ద్రావకం ఆరిపోయాక అక్కడ మిగిలేది ప్లాస్టిక్కే. కరిగి మెత్తబడిన రెండు ముఖాలు ఒకదాన్నొకటి తాకకపోతే డబ్బాలో ఎంత మంచి సరుకున్నా కలవవు. పాత సాకెట్ కూడా ఇక పనికిరాదు, దాన్ని కోసి కొత్తది వేయాల్సిందే.

రెండోసారి ముక్కను ఒక కర్రకు తిన్నగా కట్టి పూటంతా ఎండలో పడేశాను. వంపు పూర్తిగా పోలేదు గానీ చివర జానెడు తిన్నగా వచ్చింది. తిన్నగా కోసి, అంచు గీకి, సాకెట్ లోతు కొలిచి పైపు మీద పెన్నుతో గీత పెట్టుకున్నాను. నన్నడిగితే ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది ఆ గీతే, ఎందుకంటే పైపు జారితే వెంటనే కంటికి కనిపిస్తుంది. సిమెంటు ఫ్లెక్సిబుల్ పీవీసీకి పనికొస్తుందని డబ్బా మీదే రాసి ఉన్న రకం తెచ్చాను. మామూలు గట్టి పైపుకు వాడే పల్చటిది మళ్లీ ముట్టలేదు. సిమెంటుకు ముందు పూసే ప్రైమర్ విషయంలోనూ డబ్బా మీద ఉన్నట్టే చేశాను. రెండు ముఖాలకూ పూసి, పావు తిప్పు తిప్పుతూ అడుగు తగిలేదాకా నొక్కాను. సాకెట్ లోపల మాత్రం సిమెంటు మడుగు కట్టకుండా చూసుకున్నాను, మెత్తటి పైపు గోడను అది తినేస్తుంది. నేను పట్టుకుని ఉంటే అవతలి చివరను మా అమ్మాయి ఎత్తి పట్టుకుంది. నిమిషం పైనే కదలలేదు. తర్వాత జాయింటుకు బెత్తెడు దూరంలో గోడకు క్లాంపు కొట్టాను, వంపు లాగినా ఆ లాగుడు జాయింటు దాకా రాకుండా. 24 గంటలు ఆగి, నీళ్లు పెట్టి, ఆ మొదటి నీళ్లు పారబోశాకే తొట్టికి కలిపాను.

ఆ జాయింటు ఆఖరి దాకా చుక్క కారలేదు. పోయిన నెల ఫిల్టరు మారుస్తూ దాన్ని కోసి, చేతులతో పీకి చూశాను. పైపు సాగి చిరిగింది గానీ అతుకు విడలేదు. చాలాసేపు చేతిలోనే పెట్టుకుని చూశాను.

ఎల్బోలు పారేయమన్న మాట మాత్రం ఇప్పుడు అనను. ఎండ పడే వైపు ముక్క బిరుసెక్కింది, వంచితే మునుపటిలా లొంగడం లేదు. ఆధారం లేని చోట పైపు కిందికి జారి, ఆ గుంటలో బురద చేరుతోంది. పొడవుగా తిన్నగా పోయే లైనుకు గట్టి పైపే వేసుకుంటాను. పంపు పక్కన మూరెడు, రెండు మూరల మేర మాత్రం ఫ్లెక్సిబుల్ వదలను.

నాది చిన్న పంపు, ఒత్తిడి తక్కువ, లైనంతా కళ్లెదుటే ఉంటుంది, పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉన్నారు. ఒత్తిడి ఎక్కువున్న లైనుకో, గోడలో పూడ్చే లైనుకో ఇది నిలుస్తుందని నేను చెప్పలేను. ఒక్కరే చేసుకునేవాళ్లైతే ముందు క్లాంపు కొట్టి, పైపు చివర సాకెట్‌కు తిన్నగా ఎదురుగా నిలిచాకే సిమెంటు డబ్బా మూత తీయండి.