ఆఫీసు మారుతున్నప్పుడు అడ్మిన్ ఉద్యోగికి ఏది మేలు: కోర్సా, పని పగ్గాలా?

బెంగళూరులో అడ్మిన్ ఉద్యోగం చేసేవాళ్లకు మార్పు కబురు అందరికన్నా ఆలస్యంగా తెలుస్తుంది. పని మాత్రం ముందే వచ్చి పడుతుంది. కోరమంగళ ఆఫీసును వైట్‌ఫీల్డ్‌కు తరలించాలని పైవాళ్లు నిర్ణయిస్తారు. ఏ బల్ల ఎవరికి, ఏ క్యాబు ఏ దారిన, పాత యాక్సెస్ కార్డులు ఏ రోజున ఆపాలి అన్నవన్నీ మన నెత్తిన ఉంటాయి. బిల్లుల ఆమోదం కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారితే శిక్షణ మేనేజర్లకు ఇస్తారు, ప్రశ్నలు మన దగ్గరికి వస్తాయి.

మా టీములోని అనంతపురం అమ్మాయి పోయిన నెల అడిగింది. "అక్కా, ఎంబీఏలో చేరనా, ఈ తరలింపు పని నేనే తీసుకోనా? రెండూ ఒకేసారి నా వల్ల కాదు." పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి తోచింది చెప్పాను. అదే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఎంబీఏ సంగతి. డిగ్రీ ఉన్నవాళ్లు దూరవిద్య నడిపే ఇగ్నో విశ్వవిద్యాలయంలో చేరి ఉద్యోగం మానకుండా చదవవచ్చు. కనీసం 2 ఏళ్లు పడుతుంది, 4 ఏళ్ల దాకా గడువు ఉంటుంది. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. ఏళ్ల తరబడి ఒకే హోదాలో ఉండిపోయినవాళ్లను మరో కంపెనీ పిలిచి మాట్లాడాలంటే చాలాసార్లు ఈ పట్టానే అక్కరకొస్తుంది. దాన్ని తక్కువ చేయను. కానీ ఆఫీసు తరలింపు నాలుగు నెలల్లో ఉంది. ఆమె మొదటి పరీక్షకు కూర్చునేసరికి అది ముగిసిపోతుంది, నడిపిన అనుభవం ఇంకొకరికి దక్కుతుంది.

ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీల వంటి సంస్థలు ఆన్‌లైన్‌లో చెప్పే 4, 8, 12 వారాల చిన్న కోర్సులు ఉన్నాయి. పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే సుమారు వెయ్యి రూపాయలు కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. ఫలానా విషయం తెలియదని మనకు స్పష్టంగా తెలిసినప్పుడు ఇవి మంచివి. నలుగురిని ఒక మాట మీదికి తేవడం మాత్రం వీడియో చూస్తే రాదు.

అది నాకు ఎలా వచ్చిందో చెబుతాను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. అప్పుడు నేను పనిచేస్తున్న చోట నీళ్ల క్యాన్ల నుంచి ఏసీ మరమ్మతుల దాకా నలభై మందికి పైగా వెండర్లు ఉండేవారు. కొత్త బిల్లు ఎలా రాయాలో సగం మందికి తెలియదు. అకౌంట్స్ వాళ్లు బిల్లు తిప్పి పంపేవారు, వెండరు నాకు ఫోను చేసేవాడు. రెండు వారాలు మధ్యలో నలిగాక, వెండర్ల మార్పు పనంతా నాకే వదిలేయమని మేనేజరును అడిగాను. చూస్తే విషయం పెద్దదేమీ కాదు. 15 అక్షరాల జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. కర్ణాటకకు 29, తమిళనాడుకు 33. బెంగళూరులోనే ఉన్న బొమ్మనహళ్లి వెండరు బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని కేంద్రానికి ఒకటి, రాష్ట్రానికి ఒకటి, రెండు వరుసలు ఉండాలి. రాష్ట్రం దాటి, తమిళనాడులోని హోసూరు నుంచి సరుకు పంపేవాడి బిల్లులో ఐజీఎస్టీ ఒక్కటే ఉండాలి. ఇదంతా నమూనా బిల్లుతో సహా ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పాను. మా నాన్న వయసున్న ఏసీ మెకానిక్కుకు చిన్నతనం అనిపించకుండా నేర్పడం, మూడుసార్లు గడువు దాటించినవాడితో "ఈ నెల చెల్లింపు ఆగుతుంది" అని మొహమాటం లేకుండా అనడం, రెండూ అక్కడే అలవడ్డాయి. దసరా నాటికి కొత్త వెండరును తీసుకునే ముందు అకౌంట్స్ మేనేజరు నన్ను అడగడం మొదలుపెట్టారు. హోదా అదే. కానీ సమావేశానికి కుర్చీలు వేయించడానికి కాక, కూర్చోవడానికి పిలిచారు.

ఇందులో నష్టమూ ఉంది. ఆ ఏడాది జీతం పెంపు వేళ ఆ పని ప్రస్తావనే రాలేదు. నేను తీసుకున్నట్టు ఎక్కడా రాతలో లేదు. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు. అందుకే పగ్గాలు తీసుకునే ముందు మేనేజరుకు ఒక మెయిల్ పంపాలి. ఈ పని నాది, ఈ తేదీ వరకు, ఇన్ని రూపాయల వరకు నిర్ణయం నాదే, నా రోజువారీ పనుల్లో ఇవి ఫలానావారికి వెళతాయి. ఈ చివరి మాటకు జవాబు రాకపోతే పని తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. లేకపోతే రాత్రి తొమ్మిదింటి దాకా రెండు ఉద్యోగాలు చేస్తారు.

హార్వర్డ్ ఆచార్యుడు జాన్ కోటర్ 1995లో సంస్థల మార్పుకు 8 దశలు చెప్పారు. తొందరగా కంటికి కనిపించే చిన్న విజయాలు సాధించడం వాటిలో ఒకటి. చాలా ఏళ్ల తర్వాత ఒక కోర్సులో ఆ మాట విన్నప్పుడు నాకు పాత సంగతి వెలిగింది. మొదట ఐదుగురు పెద్ద వెండర్ల బిల్లులు సరిచేసి చూపాను కాబట్టే మిగతావాళ్లు నా మాట విన్నారు. 2017కు ముందు విని ఉంటే నోట్సులో రాసుకుని మరచిపోయేదాన్ని.

మాట్లాడటానికి భయపడేవాళ్లకు టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు మంచిది. 1924లో కాలిఫోర్నియాలో పుట్టింది, బెంగళూరులో చాలాచోట్ల ఉంది. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి, విన్నవాళ్లు మెరుగుదల చెబుతారు. పని పగ్గాలతో పాటు సాగుతుంది కాబట్టి పోటీ అనుకోను.

ఎవరూ చెప్పని మరో నైపుణ్యం కన్నడం. సెక్యూరిటీ, క్యాబ్ డ్రైవర్లు, హౌస్‌కీపింగ్, కరెంటు సంస్థ బెస్కాం కాగితాలు, మన పని సగం ఆ భాషలోనే నడుస్తుంది. లిపి మనకు తోబుట్టువు, తలకట్టు తేడా పట్టుకుంటే కొద్ది వారాల్లో బోర్డులు చదవవచ్చు. తరలింపు రోజున లారీ వాళ్లతో వాళ్ల మాటలో మాట్లాడగలిగినవాళ్లే పని కదిలిస్తారు. సర్టిఫికెట్ కన్నా దీన్నే ముందు పెడతాను.

కోర్సే ముందు కావలసినవాళ్లు లేకపోలేదు. డిగ్రీ మధ్యలో ఆగినవాళ్లు ముందు దాన్ని పూర్తి చేయాలి. ఈ మార్పులో తమ ఉద్యోగమే పోయే సూచన ఉన్నవాళ్లు ఆ కంపెనీ తరలింపు కోసం ఒళ్లు హూనం చేసుకోనక్కరలేదు. ఎంత అడిగినా చిన్న బాధ్యత కూడా ఇవ్వని మేనేజరు కింద ఉన్నవాళ్లకూ చదువే దారి.

మా అమ్మాయి విషయంలో ఇవేవీ లేవు. పోయిన సోమవారం మెయిల్ పంపింది. సీటింగ్, క్యాబులు తనకు ఇచ్చారు, ప్రయాణాల బుకింగ్ మరొకరికి మార్చారు. ఇగ్నో దరఖాస్తును జనవరికి పెట్టుకుంది. నిన్న మధ్యాహ్నం క్యాబ్ సూపర్‌వైజరుతో తడబడుతూనే కన్నడంలో మాట్లాడుతూ, కొత్త రూట్ల కాగితం మీద పెన్సిల్‌తో గీతలు గీస్తూ కనిపించింది.