మా టెంట్ హౌస్ పికప్: మైలేజీ మాట కాస్త వెనక్కి తీసుకుంటున్నా

2003 మోడల్ డీజిల్ పికప్. సెకండ్ హ్యాండ్‌లో కొని తొమ్మిదేళ్లయింది. నాగోల్‌లో మా టెంట్ హౌస్ కుర్చీలు, గిన్నెలు, షామియానాలు మోస్తోంది. లీటరుకు 13 ఇస్తుందని ఇన్నాళ్లూ అందరికీ చెప్పేవాణ్ని. ఇంజిన్ గట్టిది, ఆ సంగతి అందరికీ తెలుసు. నా కోపమంతా వెనక హౌసింగ్ మీదే, అదే వెనక చక్రాల మధ్య గేర్లుండే డబ్బా.

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక గుయ్యిమని మోత మొదలైంది. మెకానిక్ అందులోని క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్నది) మార్చాలన్నాడు. బండి మోడల్, సంవత్సరం చెప్పి కొత్త సెట్ కొన్నాను. దాని మీద 11:41 అని ఉంది, అంటే పినియన్‌కు 11 పళ్లు, క్రౌన్‌కు 41. తీసుకుని ఆటోనగర్ వెళితే, ఒక ముసలి చాచా బండి కిందికి ఒకసారి తొంగి చూసి, "ఈ హౌసింగ్ ఈ బండిది కాదు బేటా" అన్నాడు. పాత ఓనరు ఎప్పుడో మార్చేసి ఉంటాడు.

నమ్మకం కుదరక నేనే లెక్క పెట్టాను. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ వదిలి, వెనక ఒక చక్రం లేపి స్టాండ్ పెట్టాం. చక్రం మీద, గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే షాఫ్ట్ మీద సుద్దగీతలు. చక్రం ఒక చుట్టు తిప్పితే షాఫ్ట్ రెండు చుట్లు దాటింది, అంతే. చాచా నవ్వాడు. "ఒక చక్రం నేల మీద ఉంటే సగం లెక్కే వస్తది. రెండు చుట్లు తిప్పు." తిప్పాను. షాఫ్ట్ నాలుగు చుట్లు దాటింది. నేను కొన్న సెట్ అయితే నాలుగు కూడా రాదు, 41ని 11తో భాగిస్తే వచ్చే 3.73 దగ్గరే ఆగాలి.

సుద్దగీతతో అంతవరకే తెలుస్తుంది. 10:41 అయినా, 9:37 అయినా చూపుకు ఒకటే. విప్పి పళ్లు లెక్కపెడితే 9, 37. అంటే 4.11. యాక్సిల్ స్ప్లైన్లు (ఇరుసు చివర ఉండే గాడులు), బేరింగ్ నంబర్లు కూడా రాసుకుని వెళ్లాకే సరైన జత దొరికింది. మొదటి సెట్ షాపువాళ్లు వాపసు తీసుకోలేదు. గోడౌన్‌లో పడి ఉంది.

అసలు దెబ్బ ఇంటికొచ్చాక తగిలింది. ఈ బండిలో స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ దగ్గర మొదలవుతుంది. దానికి తెలిసింది షాఫ్ట్ చుట్లే, అదీ పాత 3.73 లెక్కన. మీటరు 60 చూపిస్తే ఫోన్ 54 అనేది, ఫోన్‌దే తప్పనుకునేవాణ్ని. కిలోమీటర్లూ అలాగే పదో వంతు ఎక్కువ పడుతున్నాయి. అందరికీ గొప్పగా చెప్పుకున్న లీటరుకు 13, నిజానికి 12 కూడా కాదు.

స్పేర్లు ఎక్కడైనా దొరుకుతాయని కూడా అనేవాణ్ని. దొరుకుతాయి, మీ బండి కింద ఏముందో మీకు తెలిస్తే.

నేనైతే 4.11 అలాగే ఉంచేశాను. ఫుల్ లోడుతో ఫంక్షన్ హాల్ ర్యాంపులు ఎక్కడానికి హాయిగా ఉంది, ఊళ్లో స్పీడుతో నాకు పనేముంది. 4.11తో అదే స్పీడుకు ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరగాలి కాబట్టి, వారం వారం వరంగల్ వెళ్లేవాళ్లకు మాత్రం దాని అరుపు భరించడం కష్టమే. నా మైలేజీ మాట నమ్మి ఇదే మోడల్ కొన్న మా బావమరిదికి ఈ లెక్క ఇంకా చెప్పలేదు.