వైజాగ్‌లో తిన్నచోటా, కొన్నచోటా మర్యాద ఎలా ఉందంటే

కురుసురా సబ్‌మెరైన్, కైలాసగిరి గురించి ఇప్పటికే చాలామంది రాశారు, అవి వదిలేస్తున్నాను. ఈసారి వైజాగ్‌లో నన్ను సంతోషపెట్టినవీ, చిరాకు పెట్టినవీ మనుషుల తీరులే. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు ఇది పనికొస్తుంది.

బస ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్‌కు దగ్గర్లో. గది శుభ్రం, రిసెప్షన్ కుర్రాడు నెమ్మదస్తుడు. అర్ధరాత్రి వరండాలో గట్టిగా కబుర్లు చెప్పుకున్న పక్కగది వాళ్లతోనే ఇబ్బంది.

ఆదివారం ఉదయం డాబా గార్డెన్స్ వైపు ఓ టిఫిన్ హోటల్‌కి వెళ్లాం. పెసరట్టు, అల్లం చట్నీ చాలా బాగున్నాయి. తిననిస్తేగా! మేం సగంలో ఉండగానే ఒకాయన వచ్చి అమ్మ కుర్చీ మీద చెయ్యేసి నిలబడ్డాడు. వాళ్లావిడ హ్యాండ్‌బ్యాగ్ తెచ్చి మా టేబుల్ మీదే పెట్టేసింది. అమ్మకు ముద్ద దిగలేదు, అట్టు వదిలేసి లేచిపోయింది. ఆకలి అందరిదీ ఒకటే, కాదనను. కానీ తినేవాళ్ల నెత్తిన నిలబడటం ఏం పద్ధతి? యజమాని గుమ్మం దగ్గర పేర్లు రాసుకుని పిలిస్తే ఈ గొడవే ఉండదు. పైగా పక్క టేబుల్ మీద ఫోన్‌లో ఫుల్ సౌండ్‌తో రీల్స్. తండ్రి వయసున్న సర్వర్‌ని ‘ఏయ్’ అని పిలిచిన కుర్రాళ్లను చూస్తే మరీ బాధేసింది.

బీచ్ రోడ్డులో ఓ రెస్టారెంట్‌లో రాత్రి భోజనం. బిల్లులో అడక్కుండానే సర్వీస్ ఛార్జ్ కలిపారు. అలా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ సమర్థించింది. అడిగితే తీసేశారు గానీ, నలుగురూ వినేలా విసుక్కుంటూ తీశారు. అక్కడికి మళ్లీ వెళ్లను. మీకిలా జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

జగదాంబ దగ్గర బట్టల షాపులో ఫోన్ నంబర్ చెప్తేనే బిల్లు అన్నారు. అలా పట్టుబట్టొద్దని కేంద్రం 2023లో వ్యాపారులకు సూచించింది. ఇవ్వనని గట్టిగా చెబితే సరిపోయింది. అక్కడి సేల్స్ అమ్మాయిలు మాత్రం ఎంతో ఓపికగా చూపించారు. ఒక కుటుంబం చీరలన్నీ విప్పించి, గుట్టగా వదిలేసి, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయింది. పొద్దంతా నిలబడే ఉద్యోగం వాళ్లది. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలోనే పెట్టాయి. ప్రతి కౌంటర్ వెనకా ఓ స్టూల్ ఉండాలి.

నాకు బాగా నచ్చింది ఎంవీపీ కాలనీ రైతుబజార్. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరాల టెన్షన్ లేదు. అక్కడా ఒకాయన లేతగా ఉన్నాయో లేదోనని బెండకాయల తోకలు టపటపా విరిచి, విరిచినవి పక్కన పడేసి మంచివి ఏరుకుంటున్నాడు. అమ్మే ముసలామె చూసి చూసి, ‘బాబూ, ఇరిసినవన్నీ నువ్వే అట్టుకెళ్తావా?’ అంది. ఆయన ఉలకలేదు, పలకలేదు. ఆ తోకలు పోయిన కాయల్ని ఇంకెవరు కొంటారు? ఆ నష్టం ఆవిడదే. మా అమ్మ వాటినే అరకిలో తూయించుకుంది. సాయంత్రానికి అమ్ముడుపోక మిగిలేవి అవే కదా అంది.

పెద్దవాళ్లు వెంట ఉంటే టిఫిన్‌కి ఆదివారం వద్దు, మామూలు రోజుల్లో ఎనిమిదిలోపు వెళ్లండి. రైతుబజార్‌కీ పొద్దున్నే వెళ్తే మేలు.