సిలికోసిస్, నడుంనొప్పి: పరిహారానికి ఏది రుజువు చేయడం తేలిక?

కరీంనగర్ గ్రానైట్ కటింగ్‌లో ఊపిరితిత్తులు పాడైన కార్మికుడికీ, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసి నడుం పోయిన హమాలీకీ పరిహారం దారి ఒకటి కాదు.

రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు సిలికోసిస్. ఇది సామాజిక భద్రతా కోడ్ (పాత ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో వచ్చింది) మూడో షెడ్యూల్‌లో, అంటే పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో ఉంది. రాతి దుమ్ములో నిర్ణీత కాలం పనిచేసినట్టు చూపితే, జబ్బు పని వల్లే వచ్చిందని లెక్క. కాదని నిరూపించాల్సింది యజమానే. అసలు చిక్కు వేరే ఉంది: ఎక్స్‌రేలో అది టీబీలా కనబడుతుంది, టీబీ మందులతోనే కాలం గడిచిపోతుంది. అందుకే ఓపీ చీటీ మీద ఏ పని, ఎన్నేళ్లు చేశారో డాక్టర్‌తో తప్పకుండా రాయించండి. హాజరు, జీతం కాగితాల జిరాక్స్‌లు పని మానకముందే తీసిపెట్టుకోండి.

నడుంనొప్పి ఆ జాబితాలో లేదు, రుజువు భారం హమాలీదే. ఫలానా రోజు బస్తా జారి నడుం పట్టేసిందని, అదే రోజు ఆస్పత్రి చీటీ ఉంటే కేసుకు బలం. మెల్లగా అరిగిపోయిందంటే చాలా కష్టం. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. పైగా యజమాని ఎవరో కూడా హమాలీయే చూపించాలి.