పేజ్ ఊరి బండ సందులు: నల్గొండ నుంచి వెళ్లే అమ్మానాన్నలకు ఏ టూర్ కొనాలి?

అమెరికాలోని అరిజోనాలో, పేజ్ ఊరి వైపు వరదలు కోసిన ఇరుకు బండ సందులు చూపించే టూర్ల గురించి ఇది. ముందే తేల్చి చెప్తున్నాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అప్పర్ ఆంటెలోప్. లతీఫ్ సాబ్ గుట్ట మెట్లు పెద్దగా ఆయాసం లేకుండా ఎక్కి దిగేవాళ్లకు లోయర్ ఆంటెలోప్. సలేశ్వరం లోయలోకి దిగి, మళ్లీ తమ కాళ్ల మీదే పైకొచ్చినవాళ్లకు వైర్ పాస్. ధర, ఫొటోలు, పేరు అన్నీ ఆ తర్వాతి లెక్క.

నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు పిల్లల దగ్గరికి అమెరికా పోయి నాలుగైదు నెలలు ఉండి వచ్చే అమ్మానాన్నలు చాలామంది. గ్రాండ్ క్యానియన్ చూశాక వాళ్లను తీసుకుపోయేది ఎక్కువగా ఇక్కడికే. టికెట్లు బుక్ చేసేదేమో ముప్ఫై ఏళ్ల కొడుకో కోడలో, ఎక్కి దిగాల్సినవి అరవై దాటిన మోకాళ్లు. తేడా అక్కడే కొడుతుంది.

ఆంటెలోప్ క్యానియన్ అరిజోనా ఉత్తర అంచున, పేజ్ అనే చిన్న ఊరి పక్కన, నవాజో అనే ఆదివాసీ తెగవాళ్ల నేలలో ఉంది. ఎర్రటి ఇసుకరాయిని వరదలు కోసి కోసి చేసిన సందు ఇది. 1997 నుంచి గైడ్ లేకుండా ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదు, అంటే మీరు కొంటున్నది గైడ్ సేవ. అప్పర్‌కు ఏ కంపెనీ దగ్గర టికెట్ కొన్నా చూసే సందు ఒకటే, లోయర్‌కూ అంతే. తేడా వచ్చేది బండిలో, గుంపు సైజులో, రద్దు షరతుల్లో. అందుకే కంపెనీల స్టార్ రేటింగులు పోల్చుకుంటూ కూర్చోవద్దు. మూడు సంగతులు చదివితే చాలు: చూపించిన ధరలో నవాజో పర్మిట్ కలిసి ఉందా, వానకు వాళ్లే రద్దు చేస్తే డబ్బు వాపసా లేక వేరే తేదీనా, రిపోర్ట్ చేయాల్సింది టికెట్ టైంకు ఎంత ముందు.

అప్పర్‌లో కంపెనీ బండి ఎక్కించి ఎండిన ఇసుక వాగు వెంట తీసుకుపోతారు. కుదుపులు బాగానే ఉంటాయి. నడుము నొప్పి ఉన్నవాళ్లను వెనక చక్రాల మీది సీట్లో కాకుండా ముందువైపు కూర్చోబెట్టమని ఎక్కే ముందే అడగండి, మామూలుగా కాదనరు. సందు లోపల నేల ఇసుక, దాదాపు చదును. కింద వెడల్పు, పైన ఇరుకు కాబట్టి భుజాలు గోడకు రాసుకునే బాధ లేదు. చీకటిగా ఉంటుంది, బయటి ఎండలోంచి వచ్చిన కళ్లు కుదుటపడేదాకా ఒక నిమిషం నిలబడాలి. ‘అప్పర్‌లో మెట్లే ఉండవు’ అని పాత రాతల్లో కనిపిస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. ఇప్పుడు ఒక పక్క నుంచి పోయి అవతల బయటపడి, ఇనుప మెట్లు, వాలు దారి మీదుగా బండి దగ్గరికి తిప్పి తెస్తున్నారు. లోయర్ మెట్లంత నిటారు కాదు గానీ, మెట్లు మెట్లే.

పైనుంచి కర్రలాగా దిగే వెలుగు కోసమే అప్పర్‌కు అంత పేరు. అది మార్చి చివరి నుంచి అక్టోబరు మొదటి దాకా, మిట్టమధ్యాహ్నం అటూ ఇటూగానే కనిపిస్తుంది. ఆ టైం టికెట్లు ముందే అయిపోతాయి, ధర కూడా ఎక్కువ. పెద్దవాళ్ల కోసమైతే ఆ అదనపు డబ్బు దండగ అని మా అభిప్రాయం, ఎందుకంటే తోపులాట ఎక్కువ ఉండేది కూడా ఆ గంటలోనే. పొద్దున మొదటి టూర్‌లో కర్ర వెలుగు ఉండదు, కానీ గోడల రంగు మంచిగనే ఉంటుంది, తీరుబడిగా నడవొచ్చు. ఇంకో మాట: ఫొటోల్లో కనిపించే ఆ నారింజ, ఊదా మెరుపు అంతా కంటికి కనిపించదు. గైడ్లు ఫోన్ తీసుకుని కెమెరాను వేడి రంగుల ఫిల్టర్‌కు మారుస్తారు, ఆ ఫొటోలకే అంత మెరుపు. కంటికి కనిపించేది ఇటుక రంగు, తేనె రంగు, నీడలో నీలం. అదీ తక్కువేం కాదు.

లోయర్ సంగతి వేరే. ఇది పైన వెడల్పు, కింద ఇరుకు. పాదం ముందు పాదం పెట్టి, భుజం పక్కకు తిప్పి నడిచే చోట్లుంటాయి. లోపలికి దిగేది గోడకు బిగించిన ఇనుప మెట్ల మీదుగా, అవి మెట్లకూ నిచ్చెనకూ మధ్య రకం. నిటారుగా, సన్నగా ఉంటాయి. దిగేటప్పుడు ముఖం మెట్లవైపు పెట్టి, రెండు చేతులా పట్టుకుని, నిచ్చెన దిగినట్టే దిగాలి. వెనక గుంపు ఆగి ఉందని కంగారుపడి ముందుకు తిరిగి దిగబోతేనే మడమ జారుతుంది. బయటికొచ్చే చోటు చూడదగ్గది: చదును బండ మీద సన్నటి పగులు, అందులోంచి ఒక తల, తర్వాత ఒక భుజం, ఆ తర్వాత మనిషి. ఆ పగులు పక్కనే నిలబడినా కింద అంత లోయ ఉందని తెలియదు.

మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరానికి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. నొప్పి ఒక్కటే అయితే మాత్ర వేసుకుని నడిపించొచ్చు. మెడ, నడుము బిగుసుకుపోతే మాత్రం లోయర్ వద్దు. తల మీదికి వంగి ఉన్న బండల కింద ఒంగాలి, దిగేటప్పుడు కింది మెట్టు కోసం మెడ వంచి చూడాలి. ఈ రెండూ కష్టమైనవాళ్లకు మధ్యలో వెనక్కి తిరిగే దారి ఉండదు, సందులో జనం ఒకే వైపు కదులుతుంటారు. బయలుదేరడానికి నెల ముందు ఇంటి దగ్గరే పరీక్ష చేసుకోండి: డాబా మెట్లు వెనక్కి తిరిగి, రెయిలింగ్ పట్టుకుని పది మెట్లు దిగి చూడాలి. అది రాకపోతే అప్పర్ కొనుక్కోవాలి.

చీరతో లోయర్ దిగొద్దు. కుచ్చిళ్లు మెట్టు అంచుకు తగులుకుంటాయి, చేతులు ఖాళీ ఉండవు కాబట్టి ఎత్తిపట్టుకోలేరు. పంజాబీ డ్రెస్ అయితే చున్నీ బండిలోనే వదిలేయండి. చెప్పులు వద్దు, మడమ పట్టుకుని ఉండే బూట్లు కావాలి. ప్రకాశం బజార్లో కొన్నవైనా పర్వాలేదు గానీ, విమానం ఎక్కే ముందు కనీసం రెండు వారాలు వేసుకుని తిరగాలి. అప్పర్, లోయర్ రెండింట్లోనూ బ్యాగులు, హ్యాండ్‌బ్యాగులు, సెల్ఫీ స్టిక్కులు లోపలికి రానివ్వరు. నీళ్ల సీసా, ఫోన్, జేబులో పట్టే మందులు, అంతే. గాలి వీచినప్పుడు పైనుంచి సన్నటి ఇసుక రాలుతుంది, కళ్లజోడు పనికొస్తుంది.

క్యానియన్ ఎక్స్ అని పక్కనే ఇంకో సందు ఉంది. రద్దీ తక్కువ, అందం కొంచెం తక్కువ, మిగతా రెండూ నిండిపోయినప్పుడు పనికొస్తుంది.

టైం విషయంలో చాలామంది టూర్ పోగొట్టుకుంటారు. అరిజోనాలో గడియారం ఏడాదంతా మారదు. అందులోనే ఉన్న నవాజో తెగ నేల, పక్కనున్న యూటా రాష్ట్రం మాత్రం ఎండాకాలంలో ఒక గంట ముందుకు జరుపుతాయి. అయినా పేజ్ టూర్లు నడిచేది అరిజోనా రాజధాని ఫీనిక్స్ టైం మీద. ఊరు రాష్ట్రం అంచునే ఉండడంతో ఫోన్ యూటా టవర్ పట్టుకుని గంట ముందుకు దూకుతుంది, కాసేపటికి వెనక్కొస్తుంది. ఫోన్‌లో ఆటోమేటిక్ టైం తీసేసి ‘ఫీనిక్స్’ అని చేత్తో పెట్టుకోవాలి. ఇంటికి ఫోన్ చేసేవాళ్లకు: అక్కడ పొద్దున 10 అయితే నల్గొండలో రాత్రి 10:30.

ఇక అసలు భయపడాల్సిన సంగతి. ఎండ మనకు కొత్త కాదు. జులైలో పేజ్ ఎండ మన మే నెల ఎండకంటే తక్కువే. ప్రాణాలు తీసేది నీళ్లు. డిండి వాగు పక్క ఊళ్లవాళ్లకు చెప్పాల్సిన పని లేదు: పైన ఎక్కడో కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు దిగుతుంది. అక్కడ అది ఇంకా దారుణం. నున్నటి బండ నేల చుక్క నీటిని కూడా పీల్చదు, విశాలమైన మైదానం మీద పడ్డ వానంతా మీటరు వెడల్పు సందులోకే వచ్చి నిలువునా పైకి లేస్తుంది. 1997 ఆగస్టు 12న లోయర్ ఆంటెలోప్‌లో 11 మంది పర్యాటకులు అట్లనే కొట్టుకుపోయారు. వాన కురిసింది కొన్ని మైళ్ల ఎగువన. 2015 సెప్టెంబరు 14న యూటాలోని జయాన్ పార్కులో ఉన్న కీహోల్ సందులో 7 మంది పోయారు. జులై నుంచి సెప్టెంబరు మధ్య దాకా అక్కడ వానల కాలం, ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే. ఆ నెలల్లో పొద్దున టూరే కొనాలి. గైడ్ ‘ఈ రోజు లేదు’ అంటే బతిమాలొద్దు.

గైడ్ లేని వైర్ పాస్‌లో ఆ మాట చెప్పే మనిషి ఉండడు. అందుకే దీన్ని విడిగా తూకం వేయాలి. యూటా, అరిజోనా సరిహద్దులో హౌస్ రాక్ వ్యాలీ రోడ్డు మీద, 89వ నంబరు హైవే నుంచి 8 మైళ్లకు పైగా మట్టి దారిలో పోతే దారి మొదలయ్యే చోటు వస్తుంది. రిక్రియేషన్.గవ్ సైట్‌లో మనిషికి 6 డాలర్ల పగటి పర్మిట్ తీసుకోవాలి. పగటి పర్మిట్లకు రోజువారీ పరిమితి లేదు. రాత్రి బసకు మాత్రం రోజుకు 20 మందే. అదే చోటు నుంచి అలల్లాంటి బండలున్న ‘ది వేవ్’ అనే చోటుకు పోయే దారి కూడా మొదలవుతుంది, దానికి లాటరీ. రెండింటి పేర్లు కలగాపులగం చేసుకుని తప్పు పర్మిట్ కొనేవాళ్లున్నారు. అక్కడ సిగ్నల్ ఉండదు, పర్మిట్ ముందే ఫోన్‌లో దింపుకోవాలి.

దారి మొదట ఎండిన ఒర్రె ఇసుక. తర్వాత గోడలు దగ్గరికొస్తాయి. మధ్యలో బండ మీంచి మనిషి ఎత్తుకు మించి కిందికి దిగాల్సిన చోటు ఒకటుంది. వరద వచ్చినప్పుడల్లా దాని ఎత్తు మారుతుంది, నిచ్చెన ఉంటే ఉంటుంది, కొట్టుకుపోతే లేదు. దిగడం సులువే, ఎక్కేటప్పుడే ఇంకొకరు కింది నుంచి ఎత్తాలి. ఒంటరిగా పోకూడదనేది అందుకే. 1.7 మైళ్లు, అంటే 2.7 కిలోమీటర్లు నడిస్తే బక్‌స్కిన్ గల్చ్ అనే పొడవాటి సందు కలుస్తుంది. అక్కడి నుంచి ఎంత దూరమైనా పోవచ్చు, పోయినంతా వెనక్కి నడవాలన్న లెక్క మరవొద్దు. అక్కడ తల ఎత్తితే, రెండు గోడల మధ్య అడ్డంగా ఇరుక్కున్న చెట్టు మొద్దులు కనిపిస్తాయి. వాటిని అక్కడ పెట్టింది వరదే, అంటే నీళ్లు అంత ఎత్తుకు వచ్చాయన్నమాట. లోపలి మడుగుల్లో నీళ్లు చల్లగా, బురదగా ఉంటాయి. అడుగు కనిపించదు, కర్రతో లోతు చూసి దిగాలి.

వాన పడ్డాక ఆ మట్టి దారి మన నల్లరేగడిలాగే చక్రాలను పట్టేస్తుంది. అద్దె కారు ఒప్పందాలు చాలావాటిలో మట్టి దారులకు అనుమతి ఉండదు, ఇరుక్కుంటే లాగించే ఖర్చంతా మీదే.

నీళ్లు గంటకు అర లీటరు నుంచి లీటరు, రోజంతా నడిస్తే మనిషికి 4 లీటర్లు. పొడి గాలికి చెమట పుట్టగానే ఆరిపోతుంది, చొక్కా తడవదు, అందుకే ‘చెమటే పట్టలేదు’ అని తాగడం మానేస్తారు. ఉత్త నీళ్లే తాగితే ఒంట్లో ఉప్పు తగ్గి తల తిరుగుతుంది. మనూరి నుంచి ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసుకుపోయేటప్పుడు మీద చదవాలి. సుమారు 4 గ్రాముల చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు, 21 గ్రాములది లీటరుకు. చిన్నది లీటరులో కలిపితే పలచన, పెద్దది గ్లాసులో కలిపితే వాంతులు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే తాగాలి. తినడానికి పల్లి పట్టీలు, జొన్న రొట్టెలో మామిడి తొక్కు బాగా పనికొస్తాయి. సకినాలు వద్దు, ఎండిన నోట్లో దిగవు.

కుర్రవాళ్లు ఇంకా కావాలంటే జయాన్ పార్కులోని నారోస్ ఉంది, నదిలోనే నడక. కింది నుంచి పైకి పోయి వచ్చేదానికి పర్మిట్ అక్కర్లేదు. నియోప్రీన్ సాక్సులు (చలి ఆపే రబ్బరు లాంటివి), నీటి బూట్లు, కర్ర స్ప్రింగ్‌డేల్ ఊళ్లో అద్దెకిస్తారు. అవి తీసుకోవాలి, మామూలు బూట్లతో పోతే చల్లటి నీళ్లకు కాళ్లు మొద్దుబారతాయి. ప్రవాహం 150 క్యూసెక్కులు దాటితే దారి మూసేస్తారు. సాగర్ గేట్ల దగ్గర లక్షల క్యూసెక్కులు వినే మనకు అదో లెక్కా అనిపిస్తుంది గానీ, ఆ ఇరుకులో అంతే నీరు నిలబడనివ్వదు. పోయే రోజు పొద్దున పార్కు సైట్‌లో ప్రవాహం అంకె, వరద అంచనా రెండూ చూసి, అంచనా ‘ప్రాబబుల్’ అని గానీ ‘ఎక్స్‌పెక్టెడ్’ అని గానీ ఉంటే సాక్సుల అద్దె కట్టకముందే మానుకోండి.