ఆగిన, ఆగని: ఎస్పీక్ ఎన్‌జీలో నాకు నచ్చిన ఒకే ఒక్క సెట్టింగ్

రాసినదాన్ని బయటికి చదివి వినిపించే ఎస్పీక్ ఎన్‌జీ అనే ప్రోగ్రామ్‌ని నాలుగేళ్లుగా వాడుతున్నాను. దాని గొంతు బాగుండదని వాడినవాళ్లందరికీ తెలుసు, కాబట్టి ఆ సంగతి మళ్లీ ఎత్తను. నేను చెప్పాలనుకున్నది అందులో ఒక మూలన ఉండే చిన్న సెట్టింగ్ గురించి. చదివేటప్పుడు పదానికీ పదానికీ మధ్య ఎంత ఖాళీ వదలాలో మనమే చెప్పవచ్చు. ఇంత మామూలు విషయానికి ఇంతగా రుణపడి ఉంటానని మొదట్లో నేనూ అనుకోలేదు.

నా పని ప్రూఫులు దిద్దడం. ఎక్కువగా అనువాదాలు, యంత్రాలతో పాటు వచ్చే వాడకపు సూచనల పుస్తకాలు. మధ్యాహ్నం దాటేసరికి కళ్లు అక్షరాలను చూడటం మానేసి మాటలను ఊహించడం మొదలుపెడతాయి. దీర్ఘం ఎగిరిపోయినా, ఒత్తు జారినా, అక్కడ ఉన్నట్టే కనిపిస్తుంది. బయటికి చదువుకోమని పెద్దవాళ్లు చెబుతారు, నేనూ ఏళ్ల తరబడి అలాగే చదివాను. అందులోనూ ఒక చిక్కుంది. ‘అర్థం’ అని ఉన్నా ‘అర్ధం’ అని ఉన్నా నా నోరు రెండింటినీ ఒకేలా పలుకుతుంది. ‘విద్యార్థి’ బదులు ‘విద్యార్ధి’ అని పడితే నా గొంతు దాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే నేను మాట్లాడేదే అలా. యంత్రానికి ఆ అలవాటు లేదు. థ ఉంటే థ, ధ ఉంటే ధ. మొదటి వారంలోనే ఈ ఒక్క మాటలో ఎన్ని తప్పులు దొరికాయో! ఇన్నాళ్లూ నా చేతి మీదుగా ఎన్ని ‘విద్యార్ధులు’ అచ్చుకి వెళ్లిపోయారో తలుచుకుంటే బాధేసింది.

మధ్యలో దాదాపు ఏడాది పాటు దీన్ని పక్కన పెట్టేశాను. కొత్తరకం సహజమైన గొంతు ఒకటి దొరికింది, పేరు అనవసరం. నిజంగా మనిషి చదువుతున్నట్టే ఉండేది. ప్రశ్న దగ్గర స్వరం లేచేది, వాక్యం చివర దిగేది. ఇక కళ్లతో పని లేదని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట మరీ తొందరపడి అన్నాను.

ఆ రోజు చేతిలో ఉన్నది ఒక చిన్న యంత్రం సూచనల పుస్తకం. శుభ్రం చేసే పద్ధతి దగ్గర ఒక వాక్యం ఉంది: ‘పూర్తిగా ఆగిన బ్లేడును మాత్రమే బయటికి తీయండి.’ ఉండాల్సింది ఇదీ. ఫైల్‌లో ఉన్నది మాత్రం ‘పూర్తిగా ఆగని బ్లేడును మాత్రమే బయటికి తీయండి.’ గుడి ఒక్క అక్షరం పక్కకి జరిగింది, అంతే. గి మీద ఉండాల్సింది ని మీదకి వెళ్లింది. స్పెల్లింగ్ చూసే ప్రోగ్రామ్‌కి రెండూ సరైన మాటలే. వ్యాకరణానికీ అభ్యంతరం లేదు. నేను కళ్లతో ఒకసారి చూశాను, ఆ తీయని గొంతుతో రెండుసార్లు విన్నాను. మూడుసార్లూ దాటిపోయింది.

సాయంత్రం పేజీలు కట్టే అబ్బాయి ఫోన్ చేశాడు. “అక్కా, ఫైల్ పంపేయనా?” అన్నాడు. ఎందుకో మనసు ఒప్పలేదు. “ఒక్క అరగంట ఆగు తమ్ముడూ, హెచ్చరికలున్న పేజీలు ఇంకొక్కసారి వింటాను,” అన్నాను. సరిగ్గా ఆ సమయానికి నెట్ లేదు, ఆ గొంతేమో నెట్ లేకుండా పలకదు. దాంతో పాత ఎస్పీక్ తెరిచాను. నిమిషానికి 130 పదాల వేగం పెట్టి, మధ్య ఖాళీ 15 చేశాను. ఆ ఖాళీని అంతకుముందెప్పుడూ అంత పెంచలేదు.

పూర్తిగా. ఆగని. బ్లేడును.

చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ‘ఆగని’ తర్వాత వచ్చిన ఆ కాస్త నిశ్శబ్దంలో మాట ఒంటరిగా నిలబడిపోయింది. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. తర్వాత తెర మీద చూశాను. కళ్లముందే ఉంది. వేలు పోయే తప్పు అది. తమ్ముడికి ఫోన్ చేసి ఫైల్ ఆపమని చెప్పేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

తీయని గొంతు ఎందుకు దాటేసిందో తర్వాత చాలా రోజులు ఆలోచించాను. మనం మాట్లాడేటప్పుడు ‘ఆగిన బ్లేడు’, ‘చెప్పిన మాట’, ‘వాడిన గుడ్డ’ అంటూ మధ్యలో ఉన్న చిన్న అచ్చును సగం మింగేసి, చివరి అక్షరాన్ని తర్వాతి మాటలోకి తోసేస్తాం. ఈ మూడింట్లోనూ గుడి ఒక్క అక్షరం జరిగితే చాలు, ఆగని, చెప్పని, వాడని అయి అర్థం తలకిందులవుతుంది. 2016లో వచ్చిన వేవ్‌నెట్ అనే గొంతు తయారీ పద్ధతి దగ్గర్నుంచి కొత్త గొంతులన్నీ మనుషుల రికార్డింగులు విని మాట్లాడటం నేర్చుకున్నవే. మనుషుల్లాగే మాటను మాటలో కలిపేస్తాయి. వినడానికి హాయిగా ఉండేది కూడా ఆ కలుపుదల వల్లే. ఎస్పీక్ పుట్టుక వేరు. 1995లో జోనథన్ డడింగ్టన్ ఏకార్న్ కంప్యూటర్ల కోసం రాసిన స్పీక్ అనే ప్రోగ్రామ్ దీనికి మూలం, అది తర్వాత ఎస్పీక్ అయింది, 2015 చివర్లో దాన్నుంచి ఎస్పీక్ ఎన్‌జీ వేరుపడింది. ఇది ఎవరి గొంతునూ అనుకరించదు. నోటిలో గాలి ఎలా ప్రతిధ్వనిస్తుందో ఆ లెక్కలతో చాలా ధ్వనులను నియమాల ప్రకారం తయారుచేస్తుంది. అందుకే మాటల మధ్య ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగుతుంది, చెడిపోవడానికి అందులో సహజమైన లయ అంటూ లేదు కాబట్టి.

తెలుగుకి ఈ ఖాళీ ఎంత అవసరమో వాడితేనే తెలుస్తుంది. మన భాషలో సరుకంతా మాట చివరే ఉంటుంది. ఎవరు, ఎవరికి, చేశారా చేయలేదా, గౌరవమా చనువా అన్నీ తోకలోనే. ఆ తోక తర్వాతి మాట కింద నలిగిపోకుండా కాస్త చోటు దొరికితే ‘వచ్చాడు’కీ ‘వచ్చారు’కీ, ‘అతనికి’కీ ‘అతనిని’కీ తేడా గంట కొట్టినట్టు వినిపిస్తుంది. అనవసరంగా పడ్డ స్పేసులు కూడా దొరుకుతాయి. ‘వాడ కూడదు’ అని విడిగా పడితే మధ్యలో ఆగి మరీ చెబుతుంది.

వాడాలనుకునేవాళ్ల కోసం ఒక లెక్క. ఈ సెట్టింగ్‌లో ఒక్కో అంకె 10 మిల్లీసెకన్లు, అదీ మామూలు వేగం మీద. మామూలు వేగం నిమిషానికి 175 పదాలు, కనిష్ఠం 80. తెలుగు మాటలు పొడుగు కాబట్టి మనకి అన్ని పదాలు రావు. కమాండ్‌తో నడిపేవాళ్లు జి అనే అక్షరం పక్కన అంకె ఇస్తే సరిపోతుంది. ఆ రోజు తర్వాత నేను ఒకసారి 30 పెట్టి చూశాను, వాక్యం ముక్కలైపోయి అర్థమే చేతికి రాలేదు. 5 దగ్గర ఉన్నట్టే తెలియలేదు.

ఇదే ఊపులో ఒక పొరపాటు కూడా చేశాను. చదివించే యాప్‌లో మాటలు మార్చే పట్టిక ఉంటే, ‘డా.’ కనిపిస్తే ‘డాక్టర్’ అని చదవమని రాశాను. పూర్తి పదానికే వర్తించాలన్న గుర్తు పెట్టడం మర్చిపోయాను. మర్నాడు ప్రతి ‘కూడా.’ దగ్గరా ‘కూడాక్టర్’ అని వినిపించింది. తెలుగులో ‘కూడా’తో ముగిసే వాక్యాలు ఎన్నుంటాయో ఆ రోజు లెక్క తేలింది. అప్పటి నుంచి ఆ పట్టికలో ఏది చేర్చినా ముందు ఒక పాత ఫైల్ మీద నడిపి చూస్తున్నాను.

దీనికి అందని తప్పులూ ఉన్నాయి. ‘ఋషి’, ‘రుషి’ చెవికి ఒకటే. శ, ష తేడా నా చెవికి నమ్మకంగా అందదు. ‘చాప’లో చ వేరు, ‘చరిత్ర’లో చ వేరు, కానీ ఇప్పటి రాతలో రెండింటికీ ఒకే అక్షరం కాబట్టి యంత్రం ఆ తేడా పట్టలేదు. ఒక పేరా మొత్తం ఎగిరిపోతే ఏ గొంతూ చెప్పదు, దానికి మూలం పక్కన పెట్టుకుని కళ్లతో చూడాల్సిందే.

తీయని గొంతునూ వదిలేయలేదు. వాక్యం మరీ పొడుగై ఊపిరి ఆడని చోటు, ఒకే మాట రెండుసార్లు దగ్గర దగ్గరగా పడ్డ చోటు దానితోనే బాగా తెలుస్తుంది. మొదటి విడత దానితో, ఆఖరి విడత దీనితో. కథ వినడానికో, పెద్దవాళ్లకి వినిపించడానికో ఎస్పీక్ పెట్టమని ఎవరికీ చెప్పను. ఒంటరిగా, హెడ్‌ఫోన్స్‌తో, తప్పుల కోసమే వినే నాలాంటివాళ్లకి మాత్రం చెబుతాను. అలాంటివాళ్లకి కూడా చెవి అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, నాకైతే మొదటి వారం తలనొప్పి వచ్చింది.

పోయిన నెల నుంచి ఖాళీని 15 నుంచి 12కి తగ్గించి చూస్తున్నాను. పని కాస్త త్వరగా అవుతోంది. హెచ్చరికలున్న పేజీలకి మాత్రం ఇంకా 15 దగ్గరే ఉంచాను.