‘గోడ్’ అంటే ఉత్త ‘రెచ్చగొట్టు’ కాదు: ఒక పదజాలం నోట్సుపై సమీక్ష

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఎక్కువగా కొనే స్పైరల్ బైండింగ్ ఇంగ్లీషు నోట్సు ఇది. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి వైపు కొన్నా, విజయనగరం కోట వైపు కొన్నా అదే జిరాక్సు. అక్షరం పెద్దది, పదం పక్కనే పర్యాయపదాలు ఉంటాయి, బస్సులోనూ చదువుకోవచ్చు. కానీ ప్రవోక్ (provoke), ఇన్‌సైట్ (incite), గోడ్ (goad), టాంట్ (taunt), ఎగ్ ఆన్ (egg on) ఉన్న పేజీని మాత్రం నమ్మొద్దు. అయిదింటికీ ‘రెచ్చగొట్టు’ అని ఒకే అర్థం వేసి వదిలేశారు.

మనకు మాటలు కరువా? ఎత్తిపొడవడం, కవ్వించడం, ఎగదోయడం, ఉసిగొల్పడం, పురిగొల్పడం... ఒక్కోటి ఒక్కో పని.

అన్నిటికన్నా అన్యాయం జరిగింది గోడ్‌కి. దాని అసలు అర్థం ములుగర్ర. కర్ర చివర చిన్న ముల్లు ఉంటుంది. ఎద్దు మొరాయించినప్పుడల్లా దాంతో తొడ మీద పొడుస్తారు; ఒక్క పోటుకి కదలకపోతే ఇంకో పోటు. ఇష్టం లేకపోయినా అది అడుగు వేస్తుంది. మనిషి విషయంలోనూ అంతే. ‘నీకంత ధైర్యం ఎక్కడిదిలే’ అని ఒకసారి అంటే టాంట్, అంటే ఎత్తిపొడుపు. అదే మాట పదేపదే అని, వద్దనుకున్నవాడి చేత గట్టు తగాదాలో కర్ర పట్టిస్తే గోడ్. ఈ ములుగర్ర ముక్క ఒక్క లైను రాసి ఉంటే పిల్లలు జన్మలో మరిచిపోరు.

వాక్య నిర్మాణంలో తప్పు ఇంకా పెద్దది. నోట్సులో ‘హి గోడెడ్ ఎ ఫైట్’ అని ఉదాహరణ ఇచ్చారు. ములుగర్రతో పొడిచేది ఎద్దును గానీ దుక్కిని కాదు కదా! గోడ్ తర్వాత మనిషి రావాలి, ఆపైన ఇన్‌టు, ఆపైన ఇంగ్ రూపం: ‘దే గోడెడ్ హిమ్ ఇన్‌టు ఫైటింగ్.’ గొడవ అనే మాటే కర్మగా కావాలంటే ప్రవోక్ వాడాలి: ‘హి ప్రవోక్డ్ ఎ ఫైట్.’ ఖాళీలు పూరించే ప్రశ్నల్లో గోడెడ్ హిమ్ తర్వాత ఖాళీ, ఆ ఖాళీ తర్వాత ఇంగ్ రూపం కనిపిస్తే, ఇచ్చిన జవాబుల్లో ఇన్‌టు ఉందేమో మొదట చూడండి.

ప్రవోక్‌కి కూడా ‘రెచ్చగొట్టు’ అన్నిచోట్లా అతకదు. థాట్ ప్రవోకింగ్ అంటే ఆలోచన రేకెత్తించేది, అందులో చెడు లేదు. ఇన్‌సైట్ ఎక్కువగా గుంపునో, హింసనో పురిగొల్పడానికి వస్తుంది. ఎగ్ ఆన్‌లో గుడ్డు లేదు. అది ‘అంచు, పదును’ అనే అర్థమున్న పాత నార్స్ మాట నుంచి వచ్చింది. పక్కన నిలబడి ‘కొట్టరా, కొట్టు’ అని ఎగదోయడం అన్నమాట.

ఉచ్చారణ దగ్గర ఇంకో మెలిక ఉంది. నోట్సులో ‘గాడ్’ అని అచ్చయింది. రోడ్‌తో ప్రాస కలిసేలా గోడ్ అనాలి, చివర ఉకారం చేర్చి ‘గోడు’ చేయొద్దు. భూతకాలం గోడెడ్‌ని గోడిడ్ అని రెండు ముక్కలుగా పలకాలి.

మిగతా పేజీల కోసం ఈ నోట్సు కొనొచ్చు. కొన్నాక ఈ పేజీలో గోడ్ పక్కన ‘రెచ్చగొట్టు’ కొట్టేసి ‘ములుగర్రతో పొడిచినట్టు పొడిచి చేయించు’ అని రాసుకోండి, ‘ఎ ఫైట్’ ఉన్నచోట ‘హిమ్ ఇన్‌టు ఫైటింగ్’ అని దిద్దుకోండి.